పని అతనిది, సంతకం ఆమెది

ధర్మరాజు గుర్తింపు కార్డు మీద వృత్తి అన్నచోట క్లీనర్ అని ఉంది. దోహాలో మనవాళ్ళు ఆ కార్డును పతాకా అంటారు. తొమ్మిదేళ్ళలో పతాకా మారుతూ వచ్చింది, అందులో ఫోటో మారింది, ఫోటోలో మీసం నెరిసింది. ఆ మాట మాత్రం మారలేదు. నిజం చెప్పాలంటే అతను చీపురు పట్టడం మానేసి చాలాకాలమైంది.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో, ఆ పేట పాత మేడల నడుమ, మంచం పట్టిన ముసలివాళ్ళను ఉంచే ప్రైవేటు హోమ్‌లో అతని పని. కింద మగవాళ్ళ వార్డు, పైన ఆడవాళ్ళది. కొడుకులు శుక్రవారం వచ్చి, తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టి, సిస్టర్ బల్ల మీద ఖర్జూరాల డబ్బా పెట్టి వెళ్ళిపోతారు. మిగిలిన వారమంతా ఆ తండ్రుల ఒళ్ళు తుడిచేది, పక్కకు తిప్పేది, తడిసిన గుడ్డలు మార్చేది, గొంతులో నిండిన కఫం తీసేది ధర్మరాజు.

ఆ చివరిది అతను చేయకూడదు. అది నర్సు పని. గోడ పక్కన గాజు సీసా తగిలించిన సక్షన్ మిషన్ ఉంటుంది. స్విచ్చి నొక్కి, సన్నటి గొట్టాన్ని నోట్లోంచి గొంతులోకి దించి, కఫాన్ని లాగాలి. తక్కువ దించితే కఫం రాదు. ఎక్కువ దించితే రక్తం వస్తుంది. ఎక్కువసేపు ఉంచితే మనిషే ఉండడు. అందుకని చదువుకున్న నర్సు తప్ప వేరెవరూ దాన్ని ముట్టకూడదని నిబంధన.

ఆ నిబంధన తప్పింది ఇరాక్ వెళ్ళి కువైట్ మీద పడ్డ ఏడాది. యుద్ధం వస్తుందన్నారు, విషవాయువు వదులుతారన్నారు. కిటికీ సందులకు టేపు అంటించుకున్నారు. హోమ్‌లో నర్సులు దొరికిన విమానం పట్టుకుని ఎవరి దేశానికి వాళ్ళు పోయారు. మిగిలింది డయానా ఒక్కతే. బందరు పిల్ల. ఆమె భర్త జెర్రీ ఒక కంపెనీలో డ్రాయింగులు గీస్తాడు. కంపెనీ అతని పాస్‌పోర్టు ఇవ్వలేదు కాబట్టి ఆమె ఉండిపోయింది. రెండు అంతస్తులు, నిండా మంచాలు, ఒక్క నర్సు. ఆమె పైన ఉంటే కింద ఒకడి గొంతు పూడుకుపోతుంది. కిందికి వస్తే పైన ఇంకొకామెది.

అప్పుడు ఆమె ధర్మరాజు చెయ్యి పట్టుకుని, ఆ చేతిలో గొట్టం పెట్టి, తన చెయ్యి దాని మీద వేసి నేర్పింది. ఎంతవరకు దించాలో నేర్పింది, ఎలా మెలితిప్పుతూ పైకి తీయాలో నేర్పింది. గడియారం చూడొద్దంది. "గొట్టం దించేటప్పుడు నీ ఊపిరి నువ్వు బిగబట్టుకో అన్నయ్యా. నీకు ఆయాసం వచ్చిందంటే ఆయనకీ వచ్చినట్టే. తీసెయ్," అంది.

యుద్ధం అయిపోయింది. నర్సులు వచ్చారు, కానీ పోయినంతమంది రాలేదు. యజమానికి ఆ లెక్క బాగానే కుదిరింది. డయానా పై అంతస్తు చూసుకుంటుంటే కింద మిషన్ ధర్మరాజే నడిపేవాడు. తర్వాత ఆమె వచ్చి రిజిస్టర్‌లో తాను చేసినట్టు రాసి సంతకం పెట్టేది. పని అతనిది, సంతకం ఆమెది. అది తప్పని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మాట్లాడుకోవాల్సిన రోజు తొంభై ఆరులో వచ్చింది.

మేనేజర్ శ్రీరామమూర్తి అందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టాడు. విజయనగరం వైపు మనిషి, ఎప్పుడూ చేతిలో రుమాలు ఉంటుంది. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ ముసలివాళ్ళను, రోగులను చూసుకునే పనివాళ్ళ కోసం డిగ్రీ పెట్టిందని, మూడేళ్ళ చదువని, వారానికోసారి దోహాలోనే క్లాసులని చెప్పాడు. ఏళ్ళతరబడి ఈ పనిలో ఉన్నవాళ్ళు పనిలోనే ఎంతో నేర్చుకుని ఉంటారు కాబట్టి, ఆ నేర్చుకున్నది చూపించగలిగితే మొదటి ఏడాది చదివినట్టే లెక్క వేస్తారట. చూడడానికి ఒక మేడమ్ వస్తుంది. నువ్వేం నేర్చుకున్నావు, ఎలా నేర్చుకున్నావు అని అడుగుతుంది. నీ పని చూసిన పై మనిషి పక్కన కూర్చుని, అవును, ఇతనికి ఇది వచ్చు అని చెప్పాలి.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత మూర్తి రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. హోమ్ రెండేళ్ళ ఫీజే కడుతుందన్నాడు. కాబట్టి మొదటి ఏడాది మొత్తం మాఫీ అయినవాళ్ళకే కొత్త పతాకా, కేర్ అసిస్టెంట్ అని. సగమే మాఫీ వచ్చినవాళ్ళు, అసలు రానివాళ్ళు రంజాన్ తర్వాత ఇంటికి వెళ్ళొచ్చు. పతాకాలో ఒక పని రాయించి మరో పని చేయించే రోజులు పోయాయని, తనిఖీలు పెరిగాయని, తను మాత్రం ఏం చేయగలనని అడిగాడు.

ధర్మరాజుకు ఆ క్షణం నుంచే భయం పట్టుకుంది. ఇంటికి వెళ్ళడమంటే ఎక్కడికి వెళ్ళడం? నరసాపురం దగ్గర ఊళ్ళో అతనికి ఎకరం ఉంది. రొయ్యల చెరువులు ఊరంతా తవ్వుతున్నప్పుడు దాన్నీ లీజుకిచ్చాడు. రొయ్యలకు తెగులు తగిలింది. లీజుకు తీసుకున్నవాడు రాత్రికి రాత్రి ఊరొదిలి పోయాడు. నేల ఉప్పు పట్టి తెల్లగా పడి ఉంది, అందులో తుమ్మ కూడా మొలవదు. ఆ ఎకరం కాక ఆ ఊళ్ళో అతనికి ఉన్నది భార్య కరుణమ్మ సమాధి. రెండింటిలో ఏదీ మనిషికి అన్నం పెట్టేది కాదు.

ఉండాలంటే మొత్తం రావాలి. మొత్తం రావాలంటే మిషన్ మాట చెప్పాలి. తిప్పడం, తుడవడం, తినిపించడం అందరూ చెబుతారు, వాటికి సగమే లెక్క వేస్తారట. తనంతట తాను చూసి, తేల్చుకుని, చేసిన పని ఒకటి చూపాలి. అది అతనికి ఒక్కటే ఉంది. అది చెబితే, ఎవరు నేర్పారని అడుగుతారు. నేర్పినామె పక్కనే సాక్షిగా కూర్చుని ఉంటుంది.

అతనితో గదిలో ఉండే గంగన్న బట్టలుతికే పనివాడు, జగిత్యాల మనిషి. అతనికి ఊరట చెప్పడం చేతకాదు.

"సైకిల్ షాపుల ఒక నెల్లూరాయన ఉంటుండె, ఎరికేనా? పతాకాల డ్రైవర్ అని ఉందట. చేసేది పంచర్ల పని. మొన్న పట్కపోయిండ్రు. చెప్పులు గూడ ఏస్కోనియ్యలే," అన్నాడు గంగన్న.

"నాకెందుకు చెబుతున్నావ్?"

"ఏం లేదన్నా. నువ్వైతే చెప్పులు ఏస్కొనే ఉండు."

ధర్మరాజుకు నవ్వు రాలేదు. మర్నాటి నుంచి హోమ్ ముందు ఏ తెల్ల వ్యాను ఆగినా, పోలీసులదేమోనని, అతను ముందు చెప్పులు వెతుక్కునేవాడు.

డయానా అతన్ని బట్టల గదిలో పట్టుకుంది. అక్కడ ఉతికే మిషన్ల హోరులో మాటలు బయటికి పోవు. పసివాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగింది.

"అన్నయ్యా, మిషన్ మాట ఎత్తకు. ఒళ్ళు తిప్పడం చెప్పు, పుండ్లు పడకుండా చూడడం చెప్పు. నీ అంత బాగా ఎవరూ చెయ్యరని నేను చెబుతాను."

"అవి చెబితే సగమే సిస్టర్."

"నువ్వది చెబితే నా లైసెన్సు పోతుంది. ఇక్కడే కాదు, ఇంకెక్కడా నన్ను సూది పట్టనివ్వరు. క్లీనర్ చేత సక్షన్ చేయించిందంటారు. కేసు కూడా పెడతారు."

"మీరు నాకు నేర్పకుండా ఉండాల్సింది."

ఆమె అతని వంక చూసింది. "నేర్పకపోతే ఆ చలికాలం ఎంతమంది మిగిలేవాళ్ళు?"

అతను దుప్పట్లు మడతపెడుతూ ఉండిపోయాడు. కృతజ్ఞత అన్న గుణం అతనిలో కరుణమ్మతోనే పోయింది. ఆమెకు మెదడు జ్వరం వస్తే తాలూకా ఆసుపత్రిలో చేర్చాడు. మింగలేని మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి ఒక ఆయా జావ పోసింది. అతను గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తల ఎత్తాలని అప్పటికి అతనికీ తెలియదు. జావ ఊపిరితిత్తుల్లోకి పోయింది. రెండో రోజుకు మనిషి పోయింది. ఆ ఆయా ముఖం అతను ఇప్పటికీ మరవలేదు, మరవాలని అనుకోలేదు. అతని చేతి కింద ఏ ముసలివాడూ వెల్లకిలా ఉండి గుటక మింగింది లేదు.

శుక్రవారం ప్రార్థన ఫరీజ్ బిన్ మహమూద్‌లో జెర్రీ ఫ్లాట్‌లో. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు ఓ ఇరవై మంది వస్తారు. పాట బయటికి వినపడకుండా ఏసీ వేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, గొంతు తగ్గించి పాడుకుంటారు. పాటల తర్వాత సాక్ష్యాలు. ఒక్కొక్కరే లేచి ప్రభువు తమకు చేసిన మేలు చెబుతారు. ఆ సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. నేను పనికిమాలిన వాణ్ణి, నావల్ల ఏదీ కాలేదు, అంతా ఆయనే చేశాడు అనాలి. నేను చేశాను అన్న మాట అందులో ఉండకూడదు. ధర్మరాజు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా లేవలేదు. ఆయన మేలు ఏమిటో అతనికి అర్థం కాలేదు. వెనక చెప్పుల దగ్గర కూర్చుని, చివర్లో టీ తాగి వచ్చేవాడు.

ఆ వారం జెర్రీ ఇంటర్వ్యూకు వెళ్ళేవాళ్ళను ముందుకు పిలిచి సలహా చెప్పాడు. హోమ్‌లో పైన ఆడవాళ్ళ వార్డులో పనిచేసే పెర్సిస్ కూడా వాళ్ళలో ఉంది. పాలకొల్లు పిల్ల, మాట తీపి, పాట ఇంకా తీపి. మేడమ్ ఏమడిగినా కంగారు పడొద్దని, ఇక్కడ సాక్ష్యం చెప్పినట్టే అక్కడా చెప్పమని జెర్రీ అన్నాడు. మనం అలవాటుపడ్డది అదే కదా అన్నాడు. పెర్సిస్ తల ఊపింది.

తర్వాత అందరూ మోకాళ్ళూనారు. జెర్రీ ప్రార్థన మొదలుపెట్టాడు. ఉద్యోగాల కోసం, వీసాల కోసం, ఊళ్ళో ఉన్న పిల్లల కోసం ప్రార్థించాడు. అతని గొంతు మెత్తగానే ఉంది.

"తండ్రీ, మా మధ్య ఒక సహోదరుడు ఉన్నాడు. ఆయన నాలుకను నీ చేతుల్లో పెట్టుకో. తన రొట్టె కోసం ఇంకొకరి బిడ్డల రొట్టె లాక్కోకుండా ఆయన్ని కాయి. ఆయన మాట జారితే ఏ కుటుంబం రోడ్డున పడుతుందో ఆయన కళ్ళకు చూపించు తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని లేదు. డయానా పిల్లలిద్దరూ కళ్ళు గట్టిగా మూసుకుని తల్లికి అటూ ఇటూ మోకాళ్ళూని ఉన్నారు. ధర్మరాజూ ఆమెన్ అన్నాడు. అనకపోతే ఆ నిశ్శబ్దం ఎవరిదో తెలిసిపోతుంది.

మేడమ్ వచ్చిన రోజు గాలిలో దుమ్ము. తెల్లజుట్టు, బూట్లు, పొడుగాటి ముఖం. ఆమె కూడా ఒకప్పుడు నర్సేనని మూర్తి ముందే చెప్పి ఉంచాడు. ఇంటర్వ్యూలకు ముందు వార్డులన్నీ తిరిగి చూస్తానంది. తిరుగుతూ అబూ రాషిద్ మంచం దగ్గర ఆగింది.

అబూ రాషిద్ షహానియాలో ఒంటెలు పెంచిన మనిషి. పక్షవాతం వచ్చి, మాట పోయి, మింగడం పోయి ఆ మంచం మీద పడ్డాడు. ముక్కు గొట్టంలోంచి పాలు పోస్తారు. మధ్యాహ్నం పాలు పోసిన కాసేపటికి గొంతులో గురగుర మొదలవుతుంది. ఆ రోజు ఎందుకో పొద్దున్నే మొదలైంది. మేడమ్ అతని నాడి చూస్తోంది. మంచానికి అవతల, గోడవైపు, ధర్మరాజు నిలబడి ఉన్నాడు. గురగుర వినగానే అతని చెయ్యి తనంతట తాను లేచి గోడ మీది స్విచ్చి వైపు వెళ్ళింది. సగం దూరం వెళ్ళాక అతనికి తెలివొచ్చింది. చెయ్యి దించేశాడు. డయానా ముందుకొచ్చి మిషన్ నడిపింది. మేడమ్ ఒకసారి అతని చేతి వంక చూసి, పక్క మంచానికి వెళ్ళింది. ఆ చూపే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

ముందు పెర్సిస్‌ను పిలిచారు. పావుగంటలో అయిపోవాల్సింది భోజనాల వేళ దాటిపోయింది. మూర్తి గది తలుపు తెరుచుకున్నప్పుడు పెర్సిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది. మెట్ల మీద కూర్చుని ధర్మరాజుకు అంతా చెప్పింది. పుండ్లు మాన్పింది ఎవరని మేడమ్ అడిగితే ప్రభువే అంది. పడబోయిన ముసలామెను పట్టుకున్నది ఎవరంటే, నా చేతులు వాడుకుని ఆయనే పట్టుకున్నాడంది. నువ్వేం చేశావమ్మా అని మేడమ్ ఎన్ని రకాలుగానో అడిగింది. నావల్ల ఏం కాలేదు, నేనేం చెయ్యలేదు అని పెర్సిస్ అన్ని రకాలుగానూ చెప్పింది.

"చివరికి ఏమందో తెలుసా బాబాయ్? ఏమీ చెయ్యనిదానికి నేనెలా లెక్క కట్టను అంది. మంచిదే పాపం, కళ్ళు తుడుచుకుంది కూడా. కానీ ఏమీ ఇవ్వలేదు."

"నేను పట్టుకున్నాను అని ఎందుకు చెప్పలేదు?"

"అలా అనడం రాదు బాబాయ్," అంది పెర్సిస్. "నోరు తిరగలేదు."

ధర్మరాజు లేచి గదిలోకి వెళ్ళాడు. బల్లకు అటు మేడమ్, ఇటు రెండు కుర్చీలు. ఒకదాంట్లో డయానా అప్పటికే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి వేళ్ళు పట్టుకుని కూర్చుంది. ఆమె తన కంటే ఎక్కువ భయపడుతోందని అతను చూశాడు. అది అతనికి ధైర్యం ఇవ్వలేదు. ఒక గదిలో రెండు భయాలుంటే ఏదీ తగ్గదు.

మొదటి ప్రశ్నలకు వార్డులో నేర్చుకున్న ఇంగ్లీషులో జవాబులు చెప్పాడు. ఒళ్ళు ఎప్పుడు తిప్పాలి, మడమ కింద ఏం పెట్టాలి, చర్మం ఎరుపెక్కితే ఏం చూడాలి. డయానా ప్రతిదానికి అవునంది. తినిపించేటప్పుడు తల ఎందుకు ఎత్తుతావని మేడమ్ అడిగింది. చెప్పాడు. ఎక్కడ నేర్చుకున్నావంది.

"నా భార్య దగ్గర. ఎత్తకుండా పోశారు. చచ్చిపోయింది."

మేడమ్ కలం ఆగింది. విచారం వెలిబుచ్చింది. అతను ఆ విచారాన్ని తీసుకోలేదు. పక్కన డయానా మొదటిసారి అతని వైపు తిరిగింది. ఇన్నేళ్ళు కలిసి పనిచేసినా ఆ సంగతి ఆమెకు తెలియదు.

అప్పుడు మేడమ్ అడిగింది. పొద్దున అబూ రాషిద్ గొంతు గురగుర అన్నప్పుడు నీ చెయ్యి స్విచ్చి వైపు వెళ్ళింది, సగంలో ఆగింది. ఎందుకు వెళ్ళింది?

గదిలో ఏసీ చప్పుడు పెద్దదైంది. తన నాలుక మీద జెర్రీ ప్రార్థన కూర్చున్నట్టు అనిపించింది ధర్మరాజుకు. తెల్ల వ్యాను కనిపించింది. ఉప్పు పట్టిన ఎకరం కనిపించింది. డయానా ఊపిరి తీయడం మానేసింది.

"దుమ్ము తుడుద్దామని మేడమ్. నా పతాకాలో క్లీనర్ అని ఉంది."

మేడమ్ తల దించుకుని ఏదో రాసింది. అది సగమే అయి ఉంటుందని అతనికి తెలుసు. డయానా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడును అతను క్షమించలేకపోయాడు.

అదే వేళకు వార్డులో అబూ రాషిద్‌కు మధ్యాహ్నం పాలు పోశారు. పెర్సిస్ సాక్ష్యం అంత పొడుగు సాగకపోతే ఈ ఇంటర్వ్యూ ఎప్పుడో ముగిసేది, అతను మంచం పక్కన ఉండేవాడు. ఇప్పుడు వార్డులో ఉన్నది కొత్తగా వచ్చిన కుర్రవాడు ఒక్కడే. ఆ కుర్రవాడు పరుగెత్తుకొచ్చి తలుపు తోశాడు. అబూ రాషిద్ నీలంగా అయిపోతున్నాడని చెప్పాడు. డయానా కుర్చీ తోసి పరుగెత్తింది. మేడమ్ ఆమె వెనకే వెళ్ళింది. ధర్మరాజు కూర్చున్నచోటే ఉండిపోయాడు.

తలుపు తెరిచే ఉంది. వసారా చివర నుంచి మిషన్ హోరు వినిపిస్తోంది. హోరు సరిగా లేదు. సీసా మూత బిగుసుకోకపోతే అలా ఈల వేస్తుంది. ఆ మూత అతనికి తప్ప ఎవరికీ లొంగదు. డయానా ఒక చేత్తో మూత నొక్కి ఉంటుంది. అప్పుడు ముసలాయన తల పట్టుకునేది ఎవరు? గొట్టం దించేది ఎవరు? అతను కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"అన్నయ్యా."

డయానా గొంతు. ఇన్నేళ్ళుగా ఆ వసారాలో పిలిచిన పిలుపే. ఆలోచించి పిలిచింది కాదు. మేడమ్ పక్కనే ఉందన్న సంగతి ఆ పిలుపులో లేదు. ధర్మరాజు కదల్లేదు. వెళితే అంతా బయటపడుతుంది. ఇప్పుడే కదా దుమ్మన్నాడు.

"అన్నయ్యా, రా."

ఈసారి ఆ గొంతులో అన్నీ ఉన్నాయి. మేడమ్ ఉంది, లైసెన్సు ఉంది, పిల్లలు ఉన్నారు. అన్నీ తెలిసే పిలిచింది. అతను లేచాడు.

మూతను అరచేత్తో కొట్టి మెలితిప్పాడు, ఈల ఆగింది. మంచం హ్యాండిల్ తిప్పి తల ఎత్తాడు. డయానా గొట్టం అతని చేతికి ఇచ్చింది. అతను ఊపిరి బిగబట్టి దించాడు. కఫం సీసాలో పడింది. ఆయాసం రాకముందే తీశాడు, ఊపిరి వదిలాడు, మళ్ళీ బిగబట్టాడు. అబూ రాషిద్ పెదాల మీదికి రంగు మెల్లగా తిరిగొచ్చింది. ముసలాయన కన్ను తెరిచి ధర్మరాజును గుర్తుపట్టి మళ్ళీ మూసుకున్నాడు. మేడమ్ మంచం కాళ్ళవైపు నిలబడి అంతా చూసింది.

గదిలోకి తిరిగొచ్చాక ఆమె అదే ప్రశ్న అడిగింది.

"నేను చేస్తాను," అన్నాడు ధర్మరాజు. "యుద్ధం నాటి నుంచి నేనే చేస్తున్నాను. ఈవిడ నేర్పింది."

మేడమ్ డయానా వైపు చూసింది. డయానా అవునంది. ఇతనికి ఇది వచ్చు అంది. సాక్షిగా ఆమె చెప్పాల్సింది అంతే, అంతే చెప్పింది.

మేడమ్ కలం మూత పెట్టి, దాచకుండా చెప్పింది. అతనికి ఆ పని వచ్చని తను కళ్ళారా చూసింది కాబట్టి లేదనడం కుదరదు, మొదటి ఏడాది మొత్తం మాఫీ. అతని చేత ఆ పని చేయించడం తప్పని కూడా చూసింది కాబట్టి దాన్నీ దాచడం కుదరదు, హోమ్‌కు రాసి ఇవ్వాలి. రెండూ తన ఉద్యోగమే అంది. ఆ రెండింటి మధ్య తలుపు లేదని, ఒకరికి ఇచ్చేది ఇంకొకరి దగ్గర లాక్కున్నదేనని ఆమెకు తెలుసో లేదో.

మూర్తి ఆ కాగితం చూసి రుమాలు తడిపేశాడు. మంత్రిత్వ శాఖ దాకా పోకుండా ఆ వారంలోనే సర్దేశాడు. నర్సుల్ని తగ్గించింది యజమాని, ఆయన పేరు ఎక్కడా రాలేదు. క్లీనర్ చేత చేయించిన నర్సు తనంతట తాను రాజీనామా చేసినట్టు రాయించుకున్నాడు. ధర్మరాజుకు కొత్త పతాకా వచ్చింది. ఫోటోలో మీసం తెల్లగా ఉంది. పక్కన కేర్ అసిస్టెంట్ అని ఉంది.

డయానా వెళ్ళే ముందు తాళాలు అప్పగించడానికి వార్డుకు వచ్చింది. అతను దుప్పట్లు మడతపెడుతున్నాడు.

"రెండోసారి పిలవకుండా ఉండాల్సింది కదూ," అంది.

"పిలిచారు."

"నువ్వైనా రాకుండా ఉండాల్సింది."

అతను దుప్పటి అంచులు కలిపాడు. ఆమె తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది. క్షమించమని ఎవరూ ఎవర్నీ అడగలేదు. పిల్లల్ని తీసుకుని ఆమె బందరు వెళ్ళింది. జెర్రీ ఒక్కడే ఫ్లాట్‌లో మిగిలాడు. శుక్రవారాలు అక్కడ పాటలు సాగుతూనే ఉన్నాయని విన్నాడు ధర్మరాజు. వెళ్ళలేదు. ఎవరూ పిలవలేదు కూడా. శుక్రవారాలు అతనికి ఇప్పుడు క్లాసులు. గొంతు ఎలా ఉంటుంది, ఊపిరి ఏ దారిన పోతుంది, సక్షన్ ఎప్పుడు చేయాలి అని బల్ల మీద బొమ్మలు పెట్టి చెబుతారు. అతను రాసుకుంటాడు.

హోమ్‌లో మిషన్ పైన గోడకు కొత్త బోర్డు కొట్టారు. నర్సు తప్ప ఎవరూ ముట్టరాదు, ముట్టినవాళ్ళను అదే రోజు పంపించేస్తారు. కింద మూర్తి సంతకం. కొత్త సిస్టర్ మంచిదే, పని వచ్చినదే. కానీ పాత లెక్కే: రెండు అంతస్తులకు ఆమె ఒక్కతే.

ఒక మధ్యాహ్నం ఆమె పైన ఉంది. అబూ రాషిద్ గొంతు మొదలైంది. ధర్మరాజు బోర్డు మీద ఉన్నట్టే చేశాడు. మంచం తల ఎత్తాడు, గంట నొక్కాడు, మెట్ల దగ్గరికి వెళ్ళి సిస్టర్ అని పిలిచాడు. జవాబు రాలేదు. వెనక్కి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. గురగుర చిక్కబడింది. ముసలాయన కళ్ళు అతన్నే పట్టుకున్నాయి. ఒంటెలు కాసిన ఆ కళ్ళలో భయం కరుణమ్మ కళ్ళలో ఉన్నదే. ఆనాడు అతను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. లేదు.

పెదాల చివర నీలం మొదలైంది.

చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళింది. సగంలో ఆగింది. ఎవరైనా అడిగితే దుమ్ము తుడుస్తున్నానని చెప్పడానికి కూడా ఇప్పుడు వీల్లేదు, ఆ పనికి వేరే మనిషి వచ్చాడు. వెనక గుమ్మంలో చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది. సిస్టర్ చెప్పులు కావవి. మూర్తివే కావచ్చు.

ధర్మరాజు తిరిగి చూడలేదు. స్విచ్చి నొక్కి, ఊపిరి బిగబట్టాడు.